మంత్రిగారు పరిశీలించిన టెన్నిస్

రాబోయే శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు క్రీడలు మరియు వేదికల శాఖ మంత్రిగారు నగరంలోని అంతర్జాతీయ టెన్నిస్ స్టేడియాన్ని సందర్శించి, అక్కడ టెన్నిస్‌ను స్వయంగా పరిశీలిస్తారని పత్రికా ప్రకటన వెలువడింది. ఇంతవరకు ఏ మంత్రీ టెన్నిస్‌ను స్వయంగా పరిశీలించలేదనీ, ఈ పరిశీలనతో టెన్నిస్‌లో ఉన్న లోపాలన్నీ తొలగిపోతాయనీ కూడా అందులో రాశారు.

ప్రకటన చదివి నగరమంతా సంతోషించింది. స్టేడియం మేనేజరు మాత్రం పేపరు మడిచి బల్ల మీద పెట్టి, గ్రౌండు మేస్త్రిని పిలిపించాడు.

"మేస్త్రీ, మన దగ్గర టెన్నిస్ ఉందా?"

మేస్త్రి ఆ కోర్టును ఇరవై ఆరేళ్లుగా కనిపెట్టుకుని ఉన్న మనిషి. పొద్దున్నే దేవుణ్ణి తలుచుకుని చీపురు పట్టుకుంటాడు, సాయంత్రం దేవుణ్ణి తలుచుకుని చీపురు మూల పెడతాడు. మధ్యలో అబద్ధం చెప్పిన గుర్తు ఆయనకు లేదు.

"కోర్టు ఉందండి. టెన్నిస్ పోయి తొమ్మిదేళ్లయింది."

"పోవడమేమిటి? ఎవరు తీసుకెళ్లారు?"

"ఎవరూ తీసుకెళ్లలేదండి. దానంతటదే రావడం మానేసింది."

నిజానికి అందులో స్టేడియం తప్పేమీ లేదు. అయిదు వందల మందికి తక్కువైన ఏ కార్యక్రమానికీ ప్రాంగణం ఇవ్వకూడదని తొమ్మిదేళ్ల కింద రూలు వచ్చింది. ఫర్నిచర్ ఎగ్జిబిషన్ వాళ్లు నాలుగు వేల మందిని తెచ్చారు. తలనూనె కంపెనీ వార్షికోత్సవానికి రెండు వేల మంది వచ్చారు. కుక్కల అందాల పోటీలో కుక్కలే ఆరు వందలు. టెన్నిస్ మాత్రం ఎంత బతిమాలినా ఇద్దరితోనే వచ్చేది, మరీ గట్టిగా అడిగితే నలుగురు. ఈ లోపాన్ని అది ఇప్పటికీ సవరించుకోలేదు.

"శుక్రవారానికల్లా టెన్నిస్ కావాలి. ఎంతమంది కావాలో చెప్పు, లారీల్లో తెప్పిస్తాను" అన్నాడు మేనేజరు.

"ఇద్దరు చాలండి. ఒకరు మా అమ్మడు ఉంది."

అమ్మడు మేస్త్రి కూతురు. స్టేడియం వెనక కార్ పార్కింగ్ గోడకు కొట్టి కొట్టి ఆట నేర్చుకుంది. ఆ గోడ మీద పెచ్చులూడిన చోట చూస్తే ఆ పిల్ల ఎంత కష్టపడిందో తెలుస్తుంది. "గోడే ఎప్పుడూ గెలుస్తోంది నాన్నా. దానికి తప్పుగా కొట్టడం రాదు" అని అప్పుడప్పుడు విసుక్కునేది. ఇంకో నలభై రోజుల్లో జాతీయ శిక్షణ శిబిరానికి సెలక్షన్లు. ఒక్కో స్టేడియం నుంచి ఒక్కరినే పంపించాలి. తలుపుకు అవతల నిజమైన కోర్టు పెట్టుకుని, తాళంచెవుల గుత్తి నడుముకు కట్టుకుని, కన్నకూతురికి గోడ చూపించడం మేస్త్రికి ఎన్నాళ్లుగానో మనసులో ముల్లులా ఉంది.

ఇదే సమయమని ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక్క మనవి. శుక్రవారం గట్టెక్కితే పొద్దున్న పూట రెండు గంటలు దానికి కోర్టు ఇప్పించండి. సెలక్షన్లకు స్టేడియం తరఫున దాని పేరే పంపించండి."

"నీదంతా పిల్ల యావే! సరే, మంత్రిగారు సంతోషంగా కారెక్కితే రెండూ నీవే. ఇక రెండో మనిషి గురించి దిగులుపడకు. మా బావమరిది ఉన్నాడు."

మేనేజరు బావమరిదికి టెన్నిస్‌కు కావలసినవన్నీ ఉన్నాయి. తెల్ల బూట్లు, తెల్ల నిక్కరు, తలకు కట్టే పట్టీ, మణికట్టుకు కట్టే పట్టీ, మోచేతికి కట్టే పట్టీ. బంతి ఎటు నుంచి వస్తుందో తెలియదు గానీ, అది ఎలాగూ వచ్చినప్పుడు తెలుస్తుంది కదా అని అతని ధైర్యం.

నెట్ కోసం రెండు రోజులు వెతికారు. చివరికి అది మేనేజరు గది కిటికీకే దొరికింది. పావురాలు లోపలికి రాకుండా ఆరేళ్ల కింద ఆయనే కట్టించాడు. మేస్త్రి దాన్ని విప్పి, ఉతికి, చిరుగులు కుట్టి, కోర్టు మధ్య బిగించి, టేపు తెచ్చి కొలిచాడు. మధ్యలో మూడడుగులు, రెండు చివర్లా మూడున్నర. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. దూరంగా నిలబడి చూసుకుంటే ఆయనకు కళ్లు చెమ్మగిల్లాయి. అప్పటికే మేనేజరు గదిలో పావురాలు ఫైళ్ల మీద కూర్చుని ఉన్నాయి.

బుధవారం మంత్రిగారి పీయే ఏర్పాట్లు చూడ్డానికి వచ్చాడు. కోర్టులోకి బూట్లతోనే నడిచాడు. నాలుగు మూలలూ చూసి, సరిగ్గా నెట్ దగ్గర ఆగాడు.

"మధ్య ఇదేనా?"

"అదేనండి" అన్నాడు మేనేజరు.

"అయితే మంత్రిగారి సోఫా ఇక్కడ. ఈ పక్కన ఆరూ, ఆ పక్కన ఆరూ. ఇది తీసెయ్యండి."

మేస్త్రి నెట్‌కు అడ్డంగా వచ్చాడు. "అయ్యా, అది నెట్ అండి. మంత్రిగారు పక్కన గ్యాలరీలో కూర్చుంటే రెండు వైపులా చక్కగా కనబడుతుంది."

పీయే ఆయన వైపు జాలిగా చూశాడు. "ఏమయ్యా, పదిహేనేళ్లుగా చూస్తున్నాను. మంత్రిగారు ఎప్పుడైనా ఎక్కడైనా పక్కన కూర్చున్నారా? దేనికైనా ఆయన మధ్యలో ఉంటారు. ఇంతకీ ఇదేం చేస్తుంది?"

"బంతి తక్కువ ఎత్తులో వస్తే ఆపుతుందండి."

"సోఫాలు ఆపవా?"

ఆపుతాయి. ఆ మాట నిజమే. నిజం చెప్పిన మనిషితో వాదించడం ఎలాగో మేస్త్రికి ఎవరూ నేర్పలేదు.

ఫర్నిచర్ ఎగ్జిబిషన్ వాళ్లు వదిలేసిపోయిన సోఫాలు పదమూడు గోడౌన్‌లో ఉన్నాయి. వరసగా వేయించి, మేస్త్రి టేపుతో వీపులు కొలిచాడు. అన్నీ మూడడుగుల రెండంగుళాలు.

"కనీసం కొలతైనా తప్పకుండా చేద్దామండి. మధ్య సోఫా కాళ్లు రెండంగుళాలు కోసి, చివరి సోఫాల కింద చెక్కలు పెడితే సరిపోతుంది. నెట్ మధ్యలో తగ్గి, చివర్లకు పెరగాలి."

పీయే ముఖం ఎర్రబడింది. "అంటే మంత్రిగారు తగ్గాలి, చివర కూర్చున్న వార్డు కార్యదర్శి పెరగాలా? ఎవరు పెట్టారయ్యా ఈ రూలు? ఏ పార్టీ వాళ్లు?"

"ఆట పుట్టినప్పటి నుంచీ ఉందండి."

"అందుకే కదా మంత్రిగారు పరిశీలనకు వస్తున్నది!"

ఆ విధంగా టెన్నిస్‌లో మొదటి లోపం పరిశీలనకు ముందే తొలగిపోయింది. మధ్య సోఫా కింద చెక్కలు పెట్టారు, చివరి సోఫాల కాళ్లు కోశారు. అంపైర్ కూర్చునే ఎత్తు కుర్చీ మంత్రిగారి కన్నా ఎత్తుగా ఉంటుందని దాన్ని గోడౌన్‌లోకి పంపించారు. అంపైర్‌ను నేల మీద కూర్చోమన్నారు. ఇద్దరిలో ఎవరు ఓడినా మంత్రిగారి సమక్షంలో ఓటమి అనే మాట వినబడుతుంది కాబట్టి, ప్రతి పాయింటుకీ "ఇద్దరూ ముందంజలో ఉన్నారు" అని చెప్పమన్నారు.

ఇక మిగిలింది మంత్రిగారు ఎటు తిరిగి కూర్చోవాలన్నది. సాయంత్రం ఎండ మొహం మీద పడాలని ఫొటోలవాళ్లు కోరారు. అంటే పడమటి వైపు. ఆ వైపు ఎవరు ఆడాలో మేనేజరు ఎవరినీ అడగనక్కర లేకపోయింది. బావమరిది అప్పటికే అక్కడ నిలబడి తలపట్టీ సర్దుకుంటున్నాడు.

"నేను ఎటు నాన్నా?" అంది అమ్మడు.

"నువ్వు వెనక వైపు తల్లీ."

"అంటే మంత్రిగారికి కనబడనా?"

"దేవుడికి కనబడతావు" అన్నాడు మేస్త్రి.

"సెలక్షన్ కమిటీలో ఆయన ఉన్నాడా?"

నాలుగు గంటలకు రావలసిన మంత్రిగారు కేవలం రెండు గంటలు ఆలస్యంగా వచ్చి తమ నిరాడంబరతను చాటుకున్నారు. గ్యాలరీలో అయిదు వందల మంది కార్యకర్తలు లేచి జేజేలు కొట్టారు. ఆట సాగుతుండగా నిశ్శబ్దంగా ఉండాలని మేస్త్రి మైకులో విన్నవించగానే, "నిశ్శబ్దం వర్ధిల్లాలి" అని ఇంకా గట్టిగా అరిచారు. మంత్రిగారు చేతులు జోడించి, దండలతో సహా మధ్య సోఫాలో కూర్చున్నారు. ఇటు ఆరుగురు, అటు ఆరుగురు పెద్దలు కూర్చుని నెట్‌ను పూర్తి చేశారు. బంతులు అందించడానికి మేస్త్రి బుట్ట పట్టుకుని మేనేజరు పక్కనే నిలబడ్డాడు.

ఆట మొదలైంది.

అమ్మడు కొట్టిన మొదటి బంతి మంత్రిగారి తలకు జానెడు ఎత్తున దూసుకుపోయి, గీతకు లోపల పడి, బావమరిది మోకాలిని పలకరించి వెళ్లింది. అతను రాకెట్టు తిప్పాడు. కాకపోతే అప్పటికి బంతి గోడ దగ్గరుంది.

"ఇద్దరూ ముందంజలో ఉన్నారు" అన్నాడు అంపైర్.

రెండో బంతి ఎడమ మూలకు వెళ్లింది, బావమరిది కుడి మూలకు వెళ్లాడు. మూడో బంతికి అతను ఎడమకు వెళ్లాడు, బంతి కుడికి వెళ్లింది. ఆరో బంతికి ఎలాగో రాకెట్టు తగిలి, అది నేరుగా వచ్చి వార్డు కార్యదర్శి ఒళ్లో పడింది. ఆయన లేచి నిలబడి దాన్ని మంత్రిగారికి సమర్పించాడు. మంత్రిగారు దాన్ని పార్టీలో చేరిన కొత్త సభ్యుణ్ణి నిమిరినట్టు నిమిరి పీయేకి ఇచ్చారు.

పావుగంట గడిచాక మంత్రిగారు పరిశీలన ఆపి తల కొంచెం వంచారు.

"ఏమయ్యా మేనేజరూ, ఈ బంతులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

"వెనక నుంచి సార్."

"అది తెలుస్తోందిలే, చెవి పక్క నుంచే పోతున్నాయి. ఎవరు వేస్తున్నారు?"

మేనేజరు క్షణంలో వెయ్యి ఆలోచించాడు. ఎవరో ఒకరు ఉన్నారంటే మంత్రిగారు వెనక్కి తిరుగుతారు. తిరిగితే ఫొటోల్లో వీపు పడుతుంది. పైగా పదిహేను నిమిషాల్లో నాలుగు చెమట పట్టీలు మార్చిన తన బావమరిదిని పరుగెత్తిస్తున్నది మేస్త్రి కూతురని తెలుస్తుంది.

"మెషీన్ సార్. బంతులు వేసే మెషీన్. ఫారిన్ సరుకు."

మేస్త్రి నోరు తెరిచాడు. మేనేజరు బూటు ఆయన పాదం మీద పడింది. నోరు అలాగే ఉండిపోయింది.

"ఆహా! ఒక్కటంటే ఒక్కటి తప్పు పడలేదయ్యా. మనుషులకు సాధ్యమా ఇది! నేనూ అదే అనుకున్నాను" అన్నారు మంత్రిగారు.

తరవాత ఆయన మైకు అందుకుని చేసిన ప్రసంగం విని చలించనివారు లేరు. ఒక యువకుడు కనికరం లేని యంత్రంతో ఒంటరిగా తలపడటం తన జీవితంలో మొదటిసారి చూశాననీ, బంతి ఒక వైపు పోతే తాను మరో వైపు పోయే ఆ స్వతంత్ర భావం నేటి యువతకు ఆదర్శమనీ అన్నారు. అతన్నే సెలక్షన్లకు పంపాలని అక్కడికక్కడే ఆదేశించారు. బావమరిది మోకాళ్ల మీద చేతులు ఆనించి ఆయాసపడుతూ నమస్కరించాడు.

"ఇంకో మాట. ఆ మెషీన్ జాగ్రత్త. మా పొలంలో మోటారు వాడక వాడక తుప్పుపట్టి పోయింది. దీన్ని రోజూ పొద్దున్న రెండు గంటలు తప్పకుండా నడపండి. అబ్బాయితో పాటు సెలక్షన్లకు కూడా పంపండి, దారిలో ప్రాక్టీసు చేసుకుంటాడు."

ఆయన లేచి, ఎండ వైపే నడిచి, సంతోషంగా కారెక్కారు. వెనక్కి చూడలేదు. సోఫాల వెనక అమ్మడు రాకెట్టు భుజాన పెట్టుకుని నిలబడే ఉంది.

సోమవారం ఆర్డరు వచ్చింది. బంతులు వేయు యంత్రం ఒకటి స్టేడియం స్టాకులో చూపవలెను, గ్రౌండు మేస్త్రి బాధ్యత వహించి సంతకం చేయవలెను, సరుకును తనిఖీ చేయుటకు స్టోర్స్ ఆఫీసరు వచ్చును.

"సార్, పేరు మా అమ్మడిది పంపుతానన్నారు" అన్నాడు మేస్త్రి.

"పంపుతున్నానుగా! పేరు లేకుండా మనిషిని పంపుతున్నాను. మంత్రిగారి నోటి నుంచి మెషీన్ అని వచ్చాక నేను అమ్మాయి అంటే ఆయన అబద్ధమాడినట్టు కాదూ? నీ కూతురికి కోర్టు కావాలా, వద్దా?"

ఆ సాయంత్రం మేస్త్రి అన్నం కలుపుతూ ఇంట్లో సంగతి చెప్పాడు. ఆయన భార్య గరిటె పట్టుకుని ఆగిపోయింది.

"పదిహేడేళ్లుగా ఈ ఇంట్లో చెప్పిన పని ఒక్కటి చెయ్యలేదు. దీన్ని యంత్రమంటే ఎవరు నమ్ముతారండీ?"

"అమ్మా!" అంది అమ్మడు.

"సంతకం పెట్టడమంటే అబద్ధమేగా" అన్నాడు మేస్త్రి. "రేపు పైన అడిగితే ఏం చెప్పను?"

"పైన అడిగితే మేనేజరుగారిని అడగమని చెప్పు. నాన్నా, రెండు గంటలు కోర్టు! సెలక్షన్ల దాకా వెళ్తాను, అక్కడ రాకెట్టు పట్టుకుంటే వాళ్లకు కళ్లు లేవా? పెట్టేయ్ నాన్నా."

మేస్త్రి ఆ రోజు ప్రార్థనలో దేవుణ్ణి ఒక్కటే అడిగాడు. మనిషిని యంత్రమని రాయడం తప్పా, రాయకపోతే మనిషికి చోటు దొరకకపోవడం తప్పా? దేవుడు ఎప్పటిలాగే తొందరపడి జవాబు చెప్పలేదు. పొద్దున్నే మేస్త్రి సంతకం పెట్టాడు.

స్టోర్స్ ఆఫీసరు కళ్లజోడు పెట్టుకుని వచ్చాడు. నిక్కచ్చి మనిషని పేరు. అమ్మడు ఇరవై బంతులు కొడితే నిలబడి చూసి, కాగితం తీశాడు.

"బరువు?"

"యాభై రెండు కిలోలండి" అన్నాడు మేస్త్రి.

"ఇంధనం?"

"గ్లాసెడు పాలు, రెండు అరటిపళ్లండి."

"పొదుపైన రకం. శబ్దం?"

"కోపం వస్తేనేనండి."

"నాకు కోపం రాదు" అంది అమ్మడు.

ఆఫీసరు కలం ఆపాడు. "మాట్లాడుతోందే?"

"కొత్త మోడల్ సార్" అన్నాడు మేనేజరు.

ఆఫీసరు తల పంకించి, 'మాట్లాడు సదుపాయం కలదు' అని రాసుకున్నాడు. అందరూ అనుకునే దానికన్నా నిక్కచ్చి మనిషి. రాకెట్టు పిడి మీద ఎర్ర రంగుతో నంబరు వేయించి గానీ కదల్లేదు.

మిగిలిన నెల రోజులూ అమ్మడు పొద్దున్నే కోర్టులో ఆడింది. మేస్త్రి నెట్ మళ్లీ కట్టి, టేపు పెట్టి, మధ్యలో మూడడుగులే ఉంచాడు. బావమరిది కూడా వచ్చేవాడు. మొదటి వారం బంతి వచ్చే దిక్కు తెలిసింది. నాలుగో వారానికి అటే వెళ్లడం అలవాటైంది. "నిజం చెప్పాలంటే చెల్లాయ్, నాకు పట్టీలు కట్టుకోవడం వరకే ఇష్టం" అని ఒక రోజు అమ్మడితో ఒప్పుకున్నాడు. చెడ్డవాడు కాదు.

సెలక్షన్లకు ఇద్దరూ ఒకే రైల్లో వెళ్లారు. అతనికి టికెట్టు ఇచ్చారు. అమ్మడి చేతికి సామాను చీటీ కట్టారు. దాని మీద 'జాగ్రత్తగా ఎత్తవలెను' అని ఉంది. రైలు కదిలేదాకా మేస్త్రి ఆ చీటీ ముడి బిగిసిందో లేదో చూస్తూనే ఉన్నాడు.

ఎనిమిదో రోజున బావమరిది ఒక్కడే తిరిగి వచ్చాడు. కొత్త పట్టీ ఒకటి కొనుక్కున్నాడు. వెంట ఒక ఉత్తరం తెచ్చాడు. మేనేజరు దాన్ని తలుపు వేసి మరీ చదివి వినిపించాడు.

'తమరు పంపిన క్రీడాకారుని తిరిగి పంపుచున్నాము. యంత్రము అత్యుత్తమముగా నున్నది. శిబిరములోని క్రీడాకారులలో ఏ ఒక్కరూ దానిపై ఒక్క గేమ్ అయినను గెలువలేదు. కావున దానిని ఇచ్చటనే ఉంచుకొని, రానున్న అంతర్జాతీయ పోటీలకు జట్టుతో విదేశములకు తీసికొనిపోవుచున్నాము. ఇటువంటివి మరి మూడు కావలెను. దిగువ ఖాళీలు పూరించి పంపగలరు.'

"అక్కడ చూసి కూడా ఎవరూ ఏమీ అనలేదా బాబూ?" అన్నాడు మేస్త్రి.

"అన్నారు బాబాయ్. మన అమ్మడు మొదటి రోజే చెప్పింది, నేను మనిషినని. సదుపాయం బాగుందన్నారు."

"అదెలా ఉంది?"

"తినడానికి రోజూ పాలూ అరటిపళ్లే ఇస్తున్నారట, తిట్టుకుంటోంది. ఆడ్డానికి మాత్రం పొద్దుణ్ణుంచి చీకటి పడేదాకా కోర్టులోనే. నవ్వుతూనే ఉంది."

మేనేజరు ఉత్తరం బల్ల మీదుగా తోశాడు. "ఖాళీలు పూరించు మేస్త్రీ. తప్పులు లేకుండా, తీరిగ్గా."

మొదటి ఖాళీలో 'తయారీదారు పేరు, చిరునామా' అని ఉంది. మేస్త్రి కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. న్యాయంగా అయితే దేవుడి పేరు రాయాలి. కానీ చిరునామా ఖచ్చితంగా తెలియదు. అందుకని తన పేరూ, భార్య పేరూ రాసి, ఇంటి నంబరు వేశాడు.

రెండో ఖాళీలో 'మరి మూడు యంత్రములు సరఫరా చేయుటకు పట్టు కాలము' అని ఉంది. ఆయన వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. తెలిసిన నిజమే రాయాలి కదా. 'ఒక్కొక్కదానికి పదిహేడేళ్ల తొమ్మిది నెలలు. మూడింటికీ మా ఇంట్లో అడిగి చెప్పవలసి యున్నది' అని రాశాడు.

మేనేజరు కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు.

"పర్వాలేదు" అన్నాడు. "మన డిపార్ట్‌మెంటులో ఇంత త్వరగా ఎవరిస్తున్నారు!" అని ముద్ర వేశాడు.